వేరుపడిన పిదప వేరుచేయనేల?

కాన్పు సుఖముగా జరిగినదని చెప్పుటకు మన పెద్దలు వాడు మాట యొకటి కలదు: “తల్లీ పిల్లా సుఖంగా వేరుపడ్డారు.” కార్డుముక్క మీద వ్రాసినను, టెలిగ్రాముగా కొట్టినను, నేడు సెల్‌ఫోనులో చెప్పినను ఆ మాటయందలి యర్థ మొక్కటియే, తొమ్మిది నెలలపాటు ఒక్క దేహముగా నుండి, ఒక్క యన్నముతో పోషింపబడిన రెండు ప్రాణములు ఏ హానియు లేక రెండైనవని. ప్రసవమే యొక యెడబాటని మన భాషకు తెలియును. ఆ యెడబాటు ప్రకృతి విధించినది; దానిని తప్పించుకొని లోకములోనికి వచ్చినవారు లేరు. అయితే ప్రకృతి విధించినది అంతవరకే. బొడ్డు కోసిన మరుక్షణమునుండి ఆ రెండు దేహములును ఒకదాని నొకటి వెదకికొనునట్లుగా నది సకల సన్నాహములను చేసియుంచగా, గాజు తలుపులను, చక్రముల తొట్లను, బిడ్డను చూచు వేళలు ఇవియని గోడకు వ్రేలాడు బోర్డులను నడుమ తెచ్చిపెట్టినవారము మనము.

అప్పుడే పుట్టిన బిడ్డకు ఏమియు తెలియదనుకొనుట మన యజ్ఞానము. కడుపులో నుండగా విన్న తల్లి గొంతును పరస్త్రీల గొంతులనుండి వేరుపరచి గుర్తింపగలదనియు, దానినే కోరుకొనుననియు 1980లో డికాస్పర్, ఫైఫర్ అను అమెరికా పరిశోధకులు నిరూపించిరి. 1994లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన పరిశోధన యింకను ముచ్చటైనది. తల్లి స్తనములలో నొకదానిని కడిగి, రెండవదానిని కడుగక విడిచి, 30 మంది పసికందులను ఎదుట పరుండబెట్టి చూడగా, అందు 22 మంది కడుగనిదానినే వెదకికొని పోయిరట. కనులు సరిగా నిలువని ప్రాణికి వాసనయే దారి చూపినది. మన మేమి చేయుచున్నాము? పుట్టిన వెంటనే శుభ్రమను పేర బిడ్డను తోమి, తల్లిని తుడిచి, ఆ దారిని చెరిపివేయుచున్నాము.

స్వీడను దేశమున ఆన్-మారీ విడ్‌స్ట్రోమ్ అను విదుషి 1987లో ప్రకటించిన పరిశీలనము ననుసరించి, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీద బోర్లగా పరుండబెట్టి యెవరును చేయి పెట్టక విడిచినచో, ఆ బిడ్డ తొలుత విశ్రమించి, పిదప కనులు విప్పి, చేతిని నోటి కడకు తెచ్చికొని, కాళ్లతో తన్నుకొనుచు అంగుళమంగుళముగా ప్రాకి, కొంతసేపు సేదదీరి, మరల ప్రాకి, తుదకు దాదాపు గంటలోపల తనంతట తానే చన్ను నోటికందుకొనును. ఈ ప్రయాణము నడుమ 20 నిముషముల కడ బిడ్డను తూకము కొరకు, స్నానము కొరకు ఎత్తికొనిపోయి మరల తెచ్చి పరుండబెట్టినచో, ఆ బిడ్డలలో చాలమంది చన్ను పట్టు తీరు చెడిపోయినదని 72 కాన్పులను గమనించిన మరొక పరిశోధన 1990లో తెలిపినది. తూకమునకు తొందర యేమి? బిడ్డ యెక్కడికి పోవును? గంట గడచిన పిమ్మట తూచినను ఆ గ్రాములు అవియే కదా.

ఈ సాన్నిధ్యము బిడ్డకొక్కదానికే మేలని యెంచరాదు. బిడ్డ చన్ను చీకునప్పుడు తల్లి దేహమున నూరు ఆక్సిటోసిన్ అను రసమే పాలను చేపించును. ఆ రసమే గర్భాశయమును బిగించి, రక్తస్రావమును అరికట్టును. ‘చేపు’ అను మాటకు సాటియైన మాటను శాస్త్రగ్రంథములలో వెదకనక్కరలేదు. ఆవును పితుకుటకు ముందు దూడను విడుచు ప్రతి రైతుకును అది తెలిసినదే. దూడను కట్టుకొయ్య కడనే యుంచి ఆవు చేపలేదని నిందించు రైతు మన పల్లెలలో లేడు. బిడ్డను పై యంతస్తులో నుంచి తల్లికి “పాలు పడలేదు” అని కేసు షీటులో వ్రాయు ఆసుపత్రులు మాత్రము కలవు.

పురిటిగది

నాకు ఆరేండ్లు నిండిన యేట మా చెల్లెలు పుట్టినది. కోనసీమలో మా తాతగారి యిల్లు. పెరటివైపు ధాన్యపు గాదె ప్రక్కనున్న చిన్నగది పురిటికి కేటాయింపబడెను. గుమ్మమున వేపమండలు, మూల నొక చీపురు, తెగిన పాతచెప్పు; లోపల నులకమంచము, దాని క్రింద నిప్పుల కుంపటి, అందు వేసిన వామును సాంబ్రాణియు కలిసిన పొగ. ఆ గడప దాటరాదని పిల్లల కందరికిని ఆంక్ష. నేను గడప కీవల చాపముక్క వేసికొని కూర్చుండి లోనికి తొంగిచూచుచుండెడిదానను. మసక వెలుతురులో అమ్మ ప్రక్కకు తిరిగి పరుండియుండెను. ఆమె మోచేతి వంపులో, మెత్తని పాతచీర పొత్తిళ్లలో, ఎఱ్ఱని ముద్ద యొకటి. అది యేడ్చుటకు ముందే అమ్మ చేయి కదలెడిది. ఈ వింత నాకు రెండు దినములు అర్థము కాలేదు. మూడవ దినమున అడిగితిని:

“అమ్మా, అది ఏడవకుండానే నీకెలా తెలుస్తోందే?”

“దాని ఊపిరి మారుతుందమ్మా” అని అమ్మ కనులు తెరువకయే చెప్పినది.

అరువదేండ్లు గడచినవి. ఆనాడు నేను విన్న ఆ మాటకు మించిన వివరణమును, తదుపరి చదివిన యే గ్రంథమునందును చూడలేదు. అయినను పురిటిగదిని స్వర్గముగా వర్ణించుట నా యుద్దేశము కాదు. ఆ పొగలో ఊపిరాడక, కొడవలితో కోసిన బొడ్డునుండి ధనుర్వాతము సోకి, గాలియు వెలుతురును లేక, ఎందరు శిశువులు, ఎందరు తల్లులు పోయిరో లెక్క వ్రాసినవారు లేరు. తొలి దినముల ముర్రుపాలను చెడుపాలని పిండి పారబోయుట, వానికి బదులు తేనెయో, ఆముదమో, పంచదార నీళ్లో నాకించుట నేను కన్నులార చూచితిని. సుశ్రుతసంహితయే స్తన్యము మూడవ, నాలుగవ దినమున ప్రవర్తించునని చెప్పి అంతవరకు తేనెను నేతిని నాకింపుమన్నదని చదివినప్పుడు, మా యమ్మమ్మకు గల ప్రమాణము ఎంత పాతదో తెలిసినది. ప్రాచీనమగుటచేత పొరపాటు ఒప్పు కాజాలదు. ముర్రుపాలు కొలదియైనను రోగనిరోధకశక్తికి నిధి. ఏడాది నిండని బిడ్డకు తేనె అపాయకరము. ఈ రెండును నేటి వైద్యము నిస్సందేహముగా చెప్పుచున్నది.

ఆ గది చేసిన మే లొక్కటియే, అదియు తెలిసి చేసినది కాదు. మైల యను పేర లోకమునంతను గడప కీవల నిలిపి, ఆ యిరువురిని ఒకరికొకరిని విడిచినది. ఆసుపత్రి వచ్చి యీ లెక్కను తలక్రిందు చేసినది. మైల పోయినది; లోకమునకు లోపలికి ప్రవేశము లభించినది; గోడ వచ్చి తల్లికిని బిడ్డకును నడుమ నిలిచినది.

పెట్ట పనిని పెట్టె చేసిన కథ

ఈ గోడను కట్టినవారు దుర్మార్గులు కారు. సూతికాజ్వరమునకు వార్డులు వార్డులే ఖాళీయైన దినములలో, అంటు సోకకుండుటకు బిడ్డలను ప్రత్యేకగృహమున నుంచుట దయతో చేసిన పనియే. అటుపిమ్మట నొప్పి తెలియకుండ తల్లికి మత్తిచ్చి కాన్పు చేయు పద్ధతి పాశ్చాత్య దేశములలో వ్యాపించెను. మత్తులో నున్న తల్లి బిడ్డను చూచుకొనజాలదు కనుక, ‘నర్సరీ’ యను గది, దాని కద్దపు కిటికీ, కిటికీ కావల తండ్రులు, ఇవన్నియు ఆసుపత్రికి సహజాంగములైనవి. కారణము పోయినను ఏర్పాటు మిగిలినది. లోకమున ఆచారములు చాలవరకు ఇట్లే బ్రదుకుచుండును.

నెలలు నిండని బిడ్డల కథ వేరు. 1880 ప్రాంతమున పారిసు నగరమున స్తెఫాన్ తార్నియే అను వైద్యుడు అచ్చటి జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు యంత్రమును చూచి, అట్టిదే మానవశిశువులకు చేయించెను. పెట్ట చేయు పనిని పెట్టె చేయుట యప్పటినుండి మొదలైనది. ఆ పెట్టె యెందరినో బ్రదికించినదనుట సత్యము. తార్నియే శిష్యుడు పియేర్ బ్యుడాన్ అంతటితో తృప్తిపడలేదు. పెట్టెలో పెట్టిన బిడ్డను చూడక, పాలీయక కొన్ని వారములు గడపిన తల్లికి ఆ బిడ్డపై మమకారము సన్నగిల్లుచున్నదని గుర్తించి, తల్లులు వచ్చి దగ్గర నుండవలెనని, తమ పాలే యీయవలెనని 1900లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. ఆయన హెచ్చరిక మూలబడినది. పెట్టె మాత్రము ప్రపంచయాత్రకు బయలుదేరినది. బ్యుడాన్ శిష్యుడనని చెప్పుకొనిన మార్టిన్ కూనీ యను నాతడు న్యూయార్కు కోనీ ద్వీపపు వినోదశాలలో 1903 మొదలు 1943 వరకు, రంగులరాట్నముల సరసన, సజీవశిశువులను గాజుపెట్టెలలో నుంచి టిక్కెట్టు పెట్టి జనులకు చూపించెను. ఆ డబ్బుతోనే ఆ బిడ్డలకు ఉచితముగా వైద్యము చేసెను. వేలకొలది పిల్లలను దక్కించెనని ప్రతీతి. ఇందు మెచ్చవలసినదేదో రోయవలసినదేదో నేటికిని నాకు తేలలేదు.

మన కడ ఆసుపత్రి కాన్పు ఆలస్యముగా వచ్చినది; వచ్చి ప్రాణములు నిలిపినది. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి పుట్టుకకు కారణమే యొక కాన్పుమరణము. తన పరిచారిక ప్రసవవేదనలో మరణింపగా, యువరాణి నీలోఫర్ అట్టి యాపద మరియొకరికి రాకూడదని పట్టుపట్టుటవలన వెలసిన యా యాసుపత్రి 1953లో ప్రారంభమైనది. కనుక మంత్రసాని కాలమునకు తిరిగిపోవుదమని నేను చెప్పుటలేదు. ఆసుపత్రికి పోవలసినదే. అచ్చట తల్లిని బిడ్డను విడదీయవలసిన పనియేమని మాత్రమే అడుగుచున్నాను.

అడుగుటకు నాకు కారణము కలదు. మా యమ్మాయి కాన్పు నగరమున పేరుగల ప్రైవేటు ఆసుపత్రిలో జరిగినది. పేరు చెప్పుట నా యభిమతము కాదు. ఆపరేషను. మనుమడు రెండు కిలోల తొమ్మిదివందల గ్రాములు, గుండ్రముగా, గట్టిగా ఏడ్చుచు పుట్టినాడు. ‘అబ్జర్వేషను’ అని నాలుగవ యంతస్తున కెత్తికొనిపోయిరి. తల్లి రెండవ యంతస్తులో. రెండు దినములు నేను లిఫ్టులో దిగుచు ఎక్కుచు నుంటిని. పైకి పోయినచో అద్దము కావల నీలిరంగు టోపీలలో పదునాలుగు మంది బిడ్డలు. అందు మావాడెవడో చేతికి కట్టిన చీటీ చూచి నర్సు చెప్పవలసినదే. వాడు నోరు తెరచి యేడ్చుచుండును. అద్దము మందమగుటచే శబ్దము వినిపించదు. క్రిందికి వచ్చినంతనే అమ్మాయి అడుగును:

“వాడు ఏడుస్తున్నాడా అమ్మా?”

“లేదే, హాయిగా పడుకున్నాడు.”

ఆమె నమ్మినట్లు తల యూపును. ఆమె రవిక మాత్రము తడియుచుండును.

“ఒక్కసారి కిందికి తెచ్చి పాలిప్పించండమ్మా” అని నర్సమ్మను బ్రతిమాలితిని. “ఫీడింగ్ టైం ఇంకా కాలేదండీ, మా చేతుల్లో లేదు, సార్ చెప్పాలి” అని యామె మెల్లగా చెప్పినది. పాపము ఆ పిల్లకు ఇరువది యేండ్లు కూడ నుండవు, తప్పామెది కాదు. మూడవ దినమున బిడ్డను తెచ్చి యొడిలో పెట్టునప్పటికి వాడు పోతపాల సీసాకు అలవడి, చన్ను నోట పెట్టగానే మొగము త్రిప్పుకొనెను. మా యమ్మాయి గోడవైపు తిరిగి యేడ్చినది. ఇంటికి వచ్చిన తరువాత పది దినములు వానిని ప్రక్కనుండి కదలనీయక, రాత్రింబవళ్లు రొమ్మునకు హత్తుకొని పరుండిన పిమ్మటగాని పట్టు చిక్కలేదు. బిల్లులో మాత్రము ఆ రెండు దినముల ‘బేబీ కేర్’ ప్రత్యేకముగా వేసియుండిరి.

మన రాష్ట్రములలో ఈ విషయ మెక్కువగా ఆలోచింపవలసియుండుటకు కారణము కత్తి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూచినచో, దేశమంతట నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. దేశమున గంటలోపల చనుబాలు పట్టిన బిడ్డలు నూటికి 41.8 మందియే. ఆపరేషనైన తల్లికి బిడ్డను వెంటనే ఇచ్చుట కుదరదని మనవారిలో గాఢముగా నాటుకొనిన యభిప్రాయము. కాని నేడు చాలవరకు వెన్నుకు మాత్రమే మత్తిచ్చుదురు. తల్లి మేలుకొనియే యుండును. కుట్లు వేయుచుండగనే బిడ్డను ఆమె రొమ్ముపై నడ్డముగా పరుండబెట్టవచ్చును. చేయువారు చేయుచున్నారు. చేయనిచోట అడ్డుపడునది వైద్యశాస్త్రము కాదు, అలవాటు.

బొగోటా

ఆ యలవాటును విరిచినవారు సంపన్నదేశములవారు కారు. 1970ల దశకమున ఫిలిప్పీన్సులోని బగియో ప్రభుత్వాసుపత్రిలో నతివిదాద్ క్లవానో అను శిశువైద్యురాలు నర్సరీని మూయించి, పాలడబ్బాల కంపెనీవారిని గుమ్మము త్రొక్కనీయక, బిడ్డలనందరిని తల్లుల మంచముల కడకు చేర్చగా, శిశువుల జబ్బులును మరణములును గణనీయముగా తగ్గినవి. 1992లో ఆ దేశము తల్లిని బిడ్డను ఒక్క గదిలో నుంచుటకు చట్టమునే చేసినది. అదే సంవత్సరమున మన పార్లమెంటు డబ్బాపాల ప్రచారమును నిషేధించుచు చట్టము చేసినది. అది పాలసీసాను గురించినదే గాని గోడను గురించినది కాదు.

అసలైన కథ కొలంబియా రాజధాని బొగోటాది. అచ్చటి మాతాశిశు వైద్యాలయము పేదలది. బిడ్డలెక్కువ, పెట్టెలు తక్కువ. ఒక్కొక్క పెట్టెలో ఇరువురు ముగ్గురిని కుక్కవలసివచ్చుటచే ఒకరి యంటు మరొకరికి సోకి, బిడ్డలు రాలిపోవుచుండిరి. తల్లులు కొందరు బిడ్డలను విడిచి వెడలిపోవుచుండిరి. 1978లో ఎద్గార్ రేయ్ సనాబ్రియా అను వైద్యుడు పెట్టెల కొరకు అర్జీలు పెట్టుట మాని, బిడ్డకు టోపీయు గోచియు మాత్రముంచి, తల్లి చన్నుల నడుమ నిలువుగా, చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి పంపివేయ నారంభించెను. మరుసటి యేడు హెక్తోర్ మార్తీనెస్ ఆయనకు తోడయ్యెను. ఎఱ్ఱ కంగారూ పిల్ల గ్రాము బరువైనను తూగకుండ పుట్టి, తల్లి వెండ్రుకలను పట్టుకొని ప్రాకి సంచిలో చేరి, అచ్చటనే నెలల తరబడి పెరుగును గదా. ఆ సామ్యముచేత ఈ పద్ధతికి ‘కంగారూ మాతృసంరక్షణ’ యను పేరు స్థిరపడెను.

లేమివలన పుట్టినది కనుక పెద్దలు దీనిని పేదవారి వైద్యమని చిన్నచూపు చూచిరి. ఫ్రెంచి శిశువైద్యురాలు నతాలీ షార్పాక్ మాత్రము బొగోటాలోనే స్థిరపడి, 1993–96 నడుమ కంగారూ పద్ధతిలో పెరిగిన బిడ్డలను, పెట్టెలో పెరిగిన బిడ్డలను పోల్చి, ఇరువదేండ్ల తరువాత వారిని మరల వెదకి పట్టుకొనెను. తల్లి రొమ్మున పెరిగినవారిలో మరణములు తక్కువ. యౌవనమున దుడుకుతనము తక్కువ. అంతకంటె నా మనసును పట్టిన విషయ మొకటి కలదు: వారి తలిదండ్రులు పిల్లలను గూర్చి ఎక్కువ శ్రద్ధ వహించువారైరి. బ్యుడాన్ గమనించినదానికి ఇది నూఱేండ్ల తరువాత వచ్చిన జవాబు.

తుది తీర్పునకు మన దేశము కూడ సాక్షి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశముల ఆసుపత్రులు కలిసి, ప్రపంచ ఆరోగ్యసంస్థ యాధ్వర్యమున 2017లో నొక పరీక్ష నారంభించినవి. అంతవరకు బిడ్డ పరిస్థితి కుదుటపడిన తరువాతనే కంగారూ పద్ధతి మొదలుపెట్టుట నియమము. కుదుటపడువరకు ఆగనేల, కుదుటపడుటకే తల్లి కావలెనేమో యని వీరి ప్రశ్న. ఒక కిలో మొదలు 1,799 గ్రాముల వరకు తూగిన 3,211 మంది శిశువులు. ఒక వర్గము బిడ్డలను పుట్టిన కొలది గంటలలోనే తల్లి రొమ్మునకు చేర్చి, దినమునకు దాదాపు 17 గంటలు అట్లే యుంచిరి. రెండవ వర్గమును వాడుక చొప్పున కుదుటపడువరకు తల్లికి దూరముగా నుంచిరి. 28 దినములలో రెండవ వర్గమున నూటికి 15.7 మంది పోగా, మొదటి వర్గమున 12 మంది పోయిరి. ఇంత భేదము కనబడుచుండగా సగము బిడ్డలకు దీనిని నిరాకరించుట తగదని పర్యవేక్షకసంఘము పరీక్షను నడుమనే యాపించినది. అంటు సోకునను భయముతోనే కదా తల్లిని దూరముంచినది? ఆ యంటురోగములును తల్లి కడనున్న వర్గమునందే తక్కువ. ఫలితములు 2021లో ప్రకటితమైనవి; 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన మార్గదర్శకములనే మార్చి, నెలలు నిండని, బరువు చాలని బిడ్డలను పుట్టిన వెంటనే తల్లికి హత్తవలెనని చెప్పినది.

ఇందుకొరకు సఫ్దర్‌జంగ్‌లో కట్టిన వార్డున బిడ్డ పడక ప్రక్కనే తల్లి పడక కలదు. కుట్లు మానని బాలింతను చూచు వైద్యులును, బిడ్డను చూచు వైద్యులును అచ్చటికే వచ్చెదరు. చెప్పుటకు చిన్న మార్పు. కాని ప్రసూతిశాఖ వేరు, శిశుశాఖ వేరు, రిజిష్టర్లు వేరు, అంతస్తులు వేరు అని యేర్పడిన మన యాసుపత్రులలో, తల్లి బిడ్డల నడుమ గోడకంటె ఈ రెండు శాఖల నడుమ గోడయే మందమైనదని నాకు తోచును.

కంగారు లేని వార్డు

మొన్న మాఘమాసమున మా బంధువుల కోడలికి నెలలు నిండక కాన్పు కాగా, చూచుటకు జిల్లాలోని యొక ప్రభుత్వాసుపత్రికి పోయితిని. గుమ్మమున బిడ్డ నాయనమ్మ గుండెలు బాదుకొనుచు నెదురైనది. “నిన్న బాక్సులో పెట్టారమ్మా. ఇవాళ కంగారు వార్డుకి మార్చామన్నారు. కంగారు పడాల్సింది ఏముందో ఎవరూ చెప్పరు!” మన తెలుగులో ఆ జంతువునకును ఆదుర్దాకును ఒక్కటే పేరగుటవలన వచ్చిన యీ చిక్కు బొగోటా వైద్యులు ఎరుగరు.

లోపల ఎనిమిది మంచములు. ఎనమండుగురు తల్లులు తలవైపు ఎత్తుగానున్న పడకలలో సగము కూర్చుండి, సగము పరుండియున్నారు. ప్రతి తల్లి నైటీ పైభాగమునుండి ఒక యూలుటోపీ పైకి కనబడుచున్నది. మా బంధువుల కోడలి బిడ్డ కిలో 340 గ్రాములు. కప్పవలె కాళ్లు ముడిచి, చెంప నొక ప్రక్కకు తిప్పి, తల్లి రొమ్మున కంటుకొని యున్నది. నూలు గుడ్డతో కట్టిన కట్టు దానిని జారనీయక పట్టుకొన్నది. తల్లి యూపిరితోపాటు ఆ టోపీ లేచుచు, తగ్గుచు నుండెను. పాలు చీకు శక్తి యింకను రానందున తల్లి పాలనే పిండి ఉగ్గుగిన్నెతో పోయుచున్నారు. ఉగ్గుగిన్నె! మా చెల్లెలికి ఆముదము పోసిన గిన్నె నేడు తల్లిపాలతో ఆసుపత్రి వార్డునకు మరల వచ్చినది.

“మీ అబ్బాయిని కూడా కూర్చోమనండి నాయనమ్మగారూ, కోడలు స్నానం చేసి అన్నం తిని రావాలిగా” అని నర్సమ్మ చెప్పగా, ఆ యువకుడు సిగ్గుపడుచు చొక్కా బొత్తాములు విప్పి కుర్చీలో కూర్చుండెను. “మగాడు బిడ్డని కట్టుకోవడమేమిటే!” అని నాయనమ్మ నోరు నొక్కుకొనెను. బిడ్డను కట్టిన పిమ్మట ఆతడు ఊపిరి పీల్చుటకును భయపడుచు, రెండు చేతులను ఆ వీపునకు కాపుగా నుంచి, కదలక మెదలక కూర్చుండెను. పావుగంటకు అతని భుజములు దిగినవి. నాయనమ్మ తన కుర్చీని మెల్లగా దగ్గరకు జరుపుకొనెను.

ఇది సుకరమైన పనియని నేననను. దినమునకు పదునాలుగు, పదునాఱు గంటలు ఒక బిడ్డను రొమ్మున మోయు తల్లికి మరుగుదొడ్డి దగ్గర నుండవలెను, వేళకు వేడి యన్నము రావలెను, నడుము వాల్చుటకు తగిన మంచము, మగవారి కన్ను పడకుండ తెర, ప్రక్కన నొక మనిషి కావలెను. ఇవి లేని వార్డునకు పేరు మార్చి బోర్డు పెట్టినంతమాత్రమున ఏమియు జరుగదు. ఆపరేషనై లేవలేని యామె ప్రక్కన బిడ్డను పడవేసి “మీరే చూసుకోండి” అని వెడలిపోవుటయు సాన్నిధ్యము కాదు, బాధ్యత దులుపుకొనుట. మందు మత్తులో కన్ను మూతపడు తల్లి రొమ్మున బిడ్డ ముక్కు మూసికొనిపోకుండ కనిపెట్టవలెను. ఊపిరియంత్రము, శస్త్రచికిత్స తప్పని బిడ్డలును కలరు. వారిని కొంతకాలము వేరుగా నుంచక తీరదు. అట్టివారి విషయమున వేరుంచుట యెంతసేపు, ఎందుకు అని తల్లికి నోరార చెప్పుట మర్యాద. ఆమెకు కుర్చీ వేసి, ఆ బిడ్డ అరకాలినైన తాకనిచ్చుట వైద్యము.

కాన్పునకు ఆసుపత్రిని ఎంచుకొనువారు గది యద్దె, ప్యాకేజి, ఏసీ వివరములు అడుగుచున్నారు, మంచిదే. వానితోపాటు మరి మూడు మాటలు ముందుగనే అడుగుడు: పుట్టినంతనే బిడ్డను తల్లి రొమ్ముపై నుంతురా? ఆపరేషనైనను తొలిగంటలో పాలిప్పింతురా? ఆరోగ్యముగా పుట్టిన బిడ్డను తల్లి గదిలోనే యుంతురా? నొప్పులు వచ్చిన పిమ్మట అడుగుటకు ఎవరికిని నోరు పెగలదు.

ఇక బాలింతను చూడబోవు మనవంటి చుట్టపక్కములకు ఒక విన్నపము. పూర్వము మైల భయమున గడప కీవల నిలిచిపోయెడివారము; నేడు గదిలోనికి పదిమందిమి చేరి, ముక్కు తండ్రిదనుచు, చేయి తాతదనుచు, బిడ్డను చేతినుండి చేతికి మార్చి, ఫొటోలు తీసికొని, ఒక పూట పాలు తప్పించి వచ్చుచున్నాము. ఈ ఆదివారము మీరెవరినైన చూడబోవుచున్నచో, బిడ్డను ఇటిమ్మని చేయి చాపకుడు. తీసికొనిపోయిన పండ్లను మంచము ప్రక్కన నుంచి, తల్లి యోపినంతసేపు మాటలాడి, ఆమె కేమైన కావలెనేమో అడిగి, వచ్చునప్పుడు తలుపు దగ్గరగా వేసి రండు.